సంజీవరావు గొంతు

సత్తెనపల్లిలో సంజీవరావు ముఖం ఎరగనివాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఒకప్పుడు అతని గొంతు విననివాళ్ళు లేరు. పాతికేళ్ళ కిందట సినిమా హాలువాళ్ళ రిక్షాలో కూర్చుని, మైకు పట్టుకుని, "నేడే చూడండి!" అంటూ ధూళిపాళ్ళ, కంటెపూడి, రెంటపాళ్ళ ఊళ్ళన్నీ తిరిగింది అతనే. మనిషి బక్కపలచన. రిక్షాకు రెండు వైపులా పోస్టర్లు కడితే మధ్యలో అతను కనపడేవాడు కాదు. గొంతు మాత్రం మిరపచేల మీదుగా పక్క ఊరి దాకా పోయేది.

తండ్రి దానయ్య పత్తిచేలకు పురుగుమందు కొట్టే కూలీ. "దేవుడిచ్చిన గొంతురా నాయనా, చర్చిలో వాక్యం చెప్పుకో" అని కొడుకును బతిమాలాడు. సంజీవరావు వినలేదు. చర్చిలో పాటల గుంపులో చేరితే చేరాడు గానీ, ఒక క్రిస్మస్‌కి ముఖ్యమైన పాట శ్యామ్ సుందర్ చేత పాడించారని అలిగి మూడేళ్ళు చర్చి గడప తొక్కలేదు. అతని తత్వమే అంత. తనకు పెట్టలేదని ఏడ్చేవాళ్ళను లోకంలో చాలామందిని చూస్తాం. తనకు పెట్టినా సరే, పక్కవాడికి ఎందుకు పెట్టారని ఏడ్చే రకం సంజీవరావు.

ఫ్లెక్సీలు వచ్చి రిక్షా మూలపడింది. మైకు పోయిన మనిషి కొన్నాళ్ళు పిచ్చివాడిలా తిరిగి, చివరికి బస్టాండు రోడ్డులో చిన్న సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. పైకి రీచార్జీలు, కవర్లు, చార్జర్లు. అసలు వ్యాపారం మాత్రం కర్టెను వెనక జరిగే 'లోడింగ్'. మెమరీ కార్డో పెన్‌డ్రైవో తెచ్చి ఇస్తే, దాని నిండా పాటలూ సినిమాలూ పోసి ఇవ్వడం. మిరపకాయలు కోసే ముఠాలు, ట్రాక్టర్ డ్రైవర్లు, ఆటోవాళ్ళు, అందరూ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. చేలో సిగ్నల్ ఉండదు. ఎండలో వంగి కాయ కోసే ఆడవాళ్ళకు నడుముకు వేలాడే చిన్న స్పీకరు పెట్టే తోడు. దాంట్లో పాట ఆగిపోతే కోత కూడా నెమ్మదిస్తుందని మేస్త్రులే చెబుతారు.

ఇది దొంగతనం కాదా అని ఎవరైనా అడిగితే సంజీవరావుకు ఎక్కడ లేని కోపం వచ్చేది. "పదేళ్ళు నా గొంతు అరగదీసి వాళ్ళ సినిమాలు ఆడించాను. నాకు ఈ మాత్రం హక్కు లేదా?" అనేవాడు. సినిమావాళ్ళు ఒప్పుకున్నారో లేదో ఎవరూ కనుక్కోలేదు.

ఈ సరుకంతా ఎక్కడి నుంచి వచ్చేదంటే, ఇంటర్నెట్‌లో ఫైళ్ళు పంచుకునే సైట్ల నుంచి. ఎక్కడో ఎవడో ఎక్కిస్తాడు, ఇక్కడ వీళ్ళు దించుకుంటారు. సంజీవరావు ఇంకో మెట్టు పైకెక్కాడు. అలాంటి ఒక సైట్లో తనకంటూ చోటు తీసుకుని, ఏరికోరి కూర్చిన పాటల వరసలన్నీ అందులోనే పెట్టాడు. రైతు మిరప బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, కాగితం జేబులో పెట్టుకుని నిశ్చింతగా తిరిగినట్టే, అతనూ సరుకంతా పైన దాచి, కంప్యూటర్ ఖాళీ చేసేసి, పాస్‌వర్డు ఒక్కటి గుర్తుపెట్టుకున్నాడు. నరసరావుపేట ఆటోవాళ్ళకు లింకు పంపితే వాళ్ళక్కడే దించుకునేవాళ్ళు.

అయితే అక్కడే అతని కుళ్ళు బయటపడింది. తను కూర్చిన వరసల్ని వేరే కొట్లవాళ్ళు దించుకుని తమ సరుకుగా అమ్ముకుంటే? ఆ ఊహకే అతనికి అన్నం సయించలేదు. ఊరి సొత్తు ఎత్తుకొచ్చినవాడు తన ఇంటికి తాళం వేసుకున్నట్టు, ప్రతి వరస మొదట్లోనూ, నాలుగు పాటలకోసారి మధ్యలోనూ తన గొంతు కలిపాడు. రిక్షా రోజుల నాటి ఆ పాత గొంతే. "ఆలకించండి, ఆనందించండి! అసలు సరుకు మన దగ్గరే!"

మొదట కొట్టు పేరు కూడా పెట్టాడు. భార్య రెబ్కా విని నెత్తి కొట్టుకుంది. ఆమె మిరప కళ్ళాల్లో రంగు పోయిన తాలుకాయ ఏరే పనికి పోయేది. మనుషుల్లో తాలును కూడా చూడగానే ఏరగలదు. "చేసేది దొంగపని, దానికి చిరునామా ఒకటా? పేరు తీసెయ్యి" అంది. పేరు తీసేశాడు. గొంతు తియ్యడానికి మాత్రం మనసొప్పలేదు.

ఆరేళ్ళ కిందట వాసిం సరిగ్గా ఎదురుగా కొట్టు తెరిచాడు. అప్పటిదాకా టేపురికార్డర్లూ రేడియోలూ బాగుచేసుకునేవాడు. అవి తెచ్చేవాళ్ళు కరువై ఈ పనిలోకి దిగాడు. నెమ్మదైన మనిషి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల వంచుకుని, తన పని తను చేసుకుపోయేవాడు. ఎదురుపడితే "బాగున్నావా అన్నా" అని నవ్వేవాడు. ఆ నవ్వే సంజీవరావుకు మంట. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు, నవ్వేవాడిని ఏం చేస్తాం? ఆరేళ్ళలో ఒక్కసారి కూడా సంజీవరావు రోడ్డు దాటి ఆ కొట్టు మెట్టెక్కలేదు.

మొన్న జనవరిలో, పత్తితీతలు అయిపోయి మిరపకోతలు ఊపందుకునే రోజుల్లో, ఒక పొద్దున సంజీవరావు కంప్యూటర్ తెరిస్తే సైటు లేదు. దాని చోట తెల్లటి పేజీ, నాలుగు వాక్యాల ఇంగ్లీషు. డిగ్రీ చదివే కూతురు క్రిస్టీనాను పిలిచాడు.

"కాపీరైట్ కేసులో సైటు మూసేశారంట నాన్నా. నడిపేవాళ్ళను పట్టుకున్నారంట."

"మరి మనవి?"

"పోయినట్టే. అయినా మనవంటావేంది నాన్నా, అవి మనవా?"

సంజీవరావు ఆ పేజీనే మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. తొమ్మిదేళ్ళ సరుకు. పాత పాటలు వేరు, కొత్త పాటలు వేరు, పొద్దున కోతకు ఒక వరస, మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చే వేళకు ఇంకో వరస. ఒక్క పాట కూడా చేతిలో మిగల్లేదు. ఇంకో సైటు వెతికాడు, వారం తిరక్కుండా అదీ మూతబడింది. మూడోది తెరిస్తే జూదం ప్రకటనలు తప్ప పాట రాలేదు. పేపర్లో రోజూ ఇవే వార్తలు. పైరసీ సైట్ల మీద ఉక్కుపాదం అట, ఫలానా చోట ఫలానావాళ్ళ అరెస్టు అట.

పోతే పోయింది, అందరికీ పోయిందిగదా అనుకుంటే సంజీవరావు ఆ దెబ్బను ఎలాగో తట్టుకునేవాడే. కానీ ఎదురు కొట్టు ముందు చెప్పులు పెరగడం మొదలైంది.

ఒకరోజు ఎర్రగొండపాలెం వైపు నుంచి కోతలకొచ్చిన ముఠా మేస్త్రి రాఘవమ్మ, నడుముకు స్పీకరు వేలాడదీసుకుని, సంజీవరావు కొట్టు ముందు ఆగింది. ఎప్పుడూ వాసిం దగ్గరికే పోయే మనిషి, అక్కడ రద్దీ చూసి ఇటు రావడం అదే మొదటిసారి.

"పాటలెక్కిస్తారంటనే?"

"సర్వర్ పనిచెయ్యట్లేదమ్మా, వారం ఆగి రా" అన్నాడు సంజీవరావు, గొంతులో జీవం లేకుండా.

"వారమాగితే కోత అయిపోద్ది నాయనా" అని ఆమె అటు తిరిగి, రోడ్డు దాటి, వాసిం కొట్టు ముందున్న ఆడవాళ్ళలో కలిసిపోయింది. అరగంట తర్వాత అందరూ నవ్వుకుంటూ ఆటో ఎక్కారు. ఆ నవ్వు సంజీవరావు కడుపులో పచ్చిమిరపకాయ బద్దలా దిగింది.

వాసిం దగ్గర ఉంది, తన దగ్గర లేదు. ఎలా ఉంది? ఆ సంగతి టీ కొట్టు పేరయ్య చెప్పాడు. టేపురికార్డర్లు బాగుచేసినవాడు కదా, చేతికి దొరకనిది తనది కాదనే పాత అలవాటు వాసింది. ఎప్పుడు ఏది దించినా హార్డ్ డిస్కులో వేసి, బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడట. "అట్టాంటియ్యి నాలుగున్నాయి వాడికాడ. సైట్లు పోతే పోనీ, పదేళ్ళు కూర్చుని తింటాడు" అన్నాడు పేరయ్య మెచ్చుకోలుగా.

ఆ మెచ్చుకోలుకు సంజీవరావు టీ సగంలో వదిలేసి వచ్చాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణుగుడు. వాడికి చదువొచ్చా? పాట తెలుసా? ఏ పాట తర్వాత ఏ పాట పెట్టాలో తెలుసా? స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడికి సంగీతమేంటి?

"నీ కడుపుమంటతో రెండు పూటలా పొయ్యి వెలిగించొచ్చయ్యా, గ్యాసు దండగ" అంది రెబ్కా. "ఆ పని పోయిందే మంచిదైంది. చార్జర్లమ్ముకో. రాత్రిళ్ళు నాకు నిద్రన్నా పడద్ది."

మంచి మాటే. అసూయపడేవాడి చెవికి మంచి మాట ఎక్కితే ఇక కథలుండవు.

ఆదివారం పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన పడింది. పైరసీ చేసేవాళ్ళ గురించి తెలిస్తే ఫలానా నంబరుకు చెప్పండి, మీ పేరు బయటపెట్టం అని. సంజీవరావు ఆ ముక్క చించి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులు ఆలోచించాడు. తన కంప్యూటర్లో ఏమీ లేదు, కొట్లో ఏమీ లేదు. సైటు మూతబడి తనను కడిగిన ముత్యాన్ని చేసింది. ఇప్పుడు తను నిక్కచ్చిగా చట్టానికి కట్టుబడిన మనిషి. ఎదుటివాడే దొంగ. ఇలా లెక్క సరిపెట్టుకుని, ముక్కు పట్టుకుని, గొంతు మార్చి, ఫోన్ చేశాడు.

తనకు గొంతే ఆస్తి అనుకునే మనిషి, గొంతు మార్చి మాట్లాడటం జీవితంలో అదే మొదలు.

గురువారం పదకొండు గంటలకు జీపు వచ్చి వాసిం కొట్టు ముందు ఆగింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, లాప్‌టాప్ పట్టుకుని ఒక కుర్ర టెక్నీషియన్. జీపు ఆగిన క్షణంలోనే వీధిలో నాలుగు షట్టర్లు దిగిపోయాయి. పోలీసులంటే భయపడి కాదు, మధ్యవర్తి సంతకానికి భయపడి. సరుకు పట్టుకుంటే ఇద్దరు ఊరివాళ్ళ ముందు తెరిచి చూపించి, పంచనామా రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టించాలి. ఆ సంతకం పెట్టినవాడు తర్వాత కోర్టు వాయిదాలకు ఏళ్ళ తరబడి తిరగాలి. అందుకని మధ్యవర్తి కావాలంటే సత్తెనపల్లిలో కాకి కూడా వాలదు.

టీ మరుగుతుండటం వల్ల పేరయ్య పారిపోలేక దొరికిపోయాడు. "ఇంకొకరు కావాలి" అని కానిస్టేబుల్ అటూ ఇటూ చూస్తుంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, సంజీవరావు రోడ్డు దాటి వచ్చాడు. ఆరేళ్ళలో మొదటిసారి. వాసిం తలవంచుకుని బీరువా తాళం తియ్యడం, డిస్కులు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టడం దగ్గరుండి చూడకపోతే ఫోన్ చేసిన సుఖం ఏముంది? కానిస్టేబుల్ అతని వైపు వింతగా చూశాడు. పిలవకుండా వచ్చిన మధ్యవర్తిని అతను సర్వీసులో చూసి ఉండడు.

అప్పటికే కొట్లో రాఘవమ్మా, ఆమె ముఠాలో ఇద్దరూ పెన్‌డ్రైవ్ కోసం వచ్చి చిక్కుకుపోయారు. వాళ్ళను ఒక పక్కకు నిలబెట్టారు. వాసిం బీరువా తాళం తీశాడు. టెక్నీషియన్ మొదటి డిస్కు తగిలించి, ఒక ఫైలు నొక్కాడు.

"ఆలకించండి, ఆనందించండి! అసలు సరుకు మన దగ్గరే!"

సంజీవరావు బల్ల దగ్గరికి జరిగాడు. ఇంకో ఫైలు. అదే గొంతు. పొద్దున కోత వరస. మధ్యాహ్నం వరస. పోయిందనుకున్న తొమ్మిదేళ్ళ సరుకు పాట పాటగా, వరస వరసగా, అక్కడే ఉంది. లింకులన్నీ పట్టుకుని మొత్తం దించి దాచుకున్నాడు వాసిం! ముందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఒళ్ళు మండింది. దొంగ అని అరవబోయాడు. అరిస్తే ఎవరు దొంగో తేలిపోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకుని, గోడకు చేరబడ్డాడు.

ఎస్సై ముందుకు వంగాడు. "పాటలు ఏ కొట్లోనైనా ఉంటాయి. ఈ గొంతు గలవాడే వీటిని సైట్లోకి ఎక్కించినవాడు. మాకు కావలసింది వాడు. ఎవరిదయ్యా ఈ గొంతు?"

వాసిం తలెత్తి, ఎస్సైని దాటి, గోడ దగ్గరున్న సంజీవరావును ఒక్క క్షణం చూశాడు. చూపు దించేసుకున్నాడు. గొంతు గుర్తుపట్టిన పేరయ్య పైకప్పు వైపు చూశాడు.

"తెలీదండి."

"తెలియకుండానే వందల ఫైళ్ళు నీ బీరువాలోకి నడిచొచ్చాయా? నీదేనా?"

వాసిం బల్ల మీది డిస్కుల వైపు చూశాడు. ఎలాగూ తను దొరికాడు. ఇంకొకరెందుకు అనుకున్నాడేమో. "నాదేనండి" అన్నాడు మెల్లిగా.

కథ అక్కడితో అయిపోవాలి. న్యాయంగా చూస్తే సంజీవరావు ఆ క్షణంలో యేసయ్యకు స్తోత్రం చెప్పుకుని, సంతకం పెట్టి, రోడ్డు దాటి తన కొట్టుకు పోవాలి. అతను కోరుకున్నదంతా జరిగింది, చేసిన తప్పంతా కప్పబడిపోయింది. నోరు మూసుకు నిలబడటం ఒక్కటే చెయ్యాల్సిన పని.

కానీ కానిస్టేబుల్ ఊరుకోలేదు. "ఏం గొంతయ్యా నీది! ఇంతకాలం ఎక్కడ దాచావు? రేడియోలో ఉండాల్సినోడివి" అన్నాడు, నిజంగానే ముచ్చటపడి.

రాఘవమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వేనా బాయ్! ఇన్నేళ్ళూ ఆ గొంతుగలాయన ఎవరా అనుకుంటన్నాం. పోయినేడు మా అక్క కూతురు జొరంతో చేలో పడిపోతే, ఆ మాట ఇని నవ్విందయ్యా. మా పిలకాయలు నీలాగే అరుస్తా ఆడుకుంటారు. నీ నోరు సల్లగుండ!" అని రెండు చేతులూ ఎత్తి వాసింకు దండం పెట్టింది.

వాసింకు!

సంజీవరావు గోడ వదిలి ముందుకొచ్చాడు. క్రిస్మస్ పాట శ్యామ్ సుందర్‌కి పోయింది. రిక్షా ఫ్లెక్సీలకు పోయింది. గిరాకీ ఎదురు కొట్టుకు పోయింది. అన్నీ పోనీ. ఈ దండం కూడానా? తన గొంతుకు పెట్టిన దండం, స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడికా? జైలు, కేసు, రెబ్కా, క్రిస్టీనా, ఏదీ గుర్తురాలేదు. ఏళ్ళ తరబడి మూలపడ్డ మైకు ఒక్కసారిగా తెరుచుకుంది.

"వాడిది కాదు! నాది! ఆ గొంతు నాది!"

బల్ల మీద టీ గ్లాసు అదిరింది. వీధిలో మూసిన షట్టర్లు రెండు సగం లేచాయి.  రాఘవమ్మ నెమ్మదిగా అతని వైపు తిరిగి, వారం కిందట సర్వర్ పనిచెయ్యట్లేదని చెప్పిన ఆ బక్కపలచని మనిషిని ఎగాదిగా చూసింది.

"అదేనయ్యా" అంది. "అదే గొంతు."

ఎస్సై పంచనామా కాగితం మీద మధ్యవర్తి అని రాసిన చోట సంజీవరావు పేరు కొట్టేశాడు.

జీపులో వెనక సీట్లో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. డిస్కులు సంచిలో కట్టి కాళ్ళ దగ్గర పెట్టారు. రెబ్కాకు ఎవరో కబురు చేసినట్టున్నారు, కళ్ళం నుంచి వచ్చిన మనిషి వచ్చినట్టే, చేతులకు మిరప ఘాటుతో, రోడ్డు అవతల నిలబడి ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. సంజీవరావు ఆమె వైపు చూడలేకపోయాడు.

"ఎందుకన్నా అన్నావు?" అని వాసిం మెల్లిగా అడిగాడు. "నేనెట్టాగూ దొరికాను. నేనొక్కణ్ణే పోయేవాణ్ణిగా."

"నువ్వెట్టా అంటావురా నాదని?"

"నీ ఇంట్లో చదువుకునే పిల్లుందని అన్నాను."

సంజీవరావు కాళ్ళ దగ్గరి సంచి వైపు చూశాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "నా గొంతు తీసెయ్యకుండా ఎందుకుంచావు? నీకు చేతనవును గదా."

"ఒకసారి తీసేసి ఇచ్చానన్నా. తెల్లారి తిరిగి పట్టుకొచ్చారు. ఆ మాట లేందే పాటలు ఒట్టి చప్పగా ఉన్నయ్యంట."

"నిజంగానా?" సంజీవరావు ఇటు తిరిగాడు. "ఎవరెవరన్నారు?"

"అందరూ. రాఘవమ్మ ముఠా, ఫణిదం ట్రాక్టర్లవాళ్ళు. పాటలకంటే నీ మాటకే వచ్చేవాళ్ళన్నా. నీకు చెబుదామనే అనుకున్నాను ఎన్నోసార్లు. నువ్వు రోడ్డు దాటి వస్తేగా."

జీపు కదిలింది. సంజీవరావు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. 'అందరూ' అన్న మాటను లోపల రెండుసార్లు అనుకున్నాడు. గడియారస్తంభం దాటాక వాసిం నిట్టూర్చాడు.

"నాకు ఊళ్ళో పగవాళ్ళెవరూ లేరన్నా. ఎవడు ఫోన్ చేసి చెప్పాడో ఏమో, ఎంత ఆలోచించినా తట్టటం లేదు. నీకేమన్నా తెలుసా?"

సంజీవరావు నోరు తెరిచాడు. పక్క ఊరి దాకా వినిపించే గొంతు, పక్క సీటు దాకా కూడా రాలేదు.